అమ్ముగూడ బలరాం



తెలుగు పండితునికి బంతాటతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చును. ముప్పై ఏండ్లకు పైగా సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడిని. నేను నల్లబల్ల మీద ఉత్పలమాలకు గణవిభజన చేస్తూ ఉంటే, వెనుక వరుస పిల్లల కళ్ళు కిటికీ వెలుపల దొర్లే బంతి వెంట పరుగెత్తేవి. వారిని కసరుకొంటూనే నేనూ అటు చూసేవాడిని. నాతో కొన్నాళ్ళు పనిచేసిన డ్రిల్లు మాస్టారు ఒకరు లష్కరు వారు, అనగా సికింద్రాబాదు వారు. "మీ భాగవతంలో బలరాముడి చేతిలో నాగలి ఉంటుంది, మా బలరాం కాలిలోనే అన్నీ ఉన్నాయి" అనేవారు. ఆ మాటతో మొదలైన ఆసక్తి ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు.

తుల్సీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. 1956, 1960 ఒలింపిక్సులలో భారత జట్టుకు ఆడిన ఫార్వర్డు, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన జట్టు సభ్యుడు, అర్జున పురస్కార గ్రహీత. పుట్టింది మన సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో. ఇంతటివాని గురించి తెలుగులో మనకు ఉన్నది ఎంత? నా ఎరుకలో ఉన్నది మరణవార్తలు, కొన్ని పేరాలు. ఎందుకిలా జరిగింది అన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం చెప్పడానికే ఈ టపా. ఆ సమాధానం ఆయన ఆటలో కొంత, మన లెక్కలలో మరికొంత ఉన్నదని నా అభిప్రాయం.

లష్కరు బంతాట

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి సికింద్రాబాదు దండు ప్రాంతం పెద్ద సైనిక స్థావరం. తిరుమలగిరి, బొలారం, అమ్ముగూడ మొదలైనవన్నీ బారకాసులను ఆనుకొని బ్రతికిన ఊళ్ళు. సిపాయి ఉన్నచోట కవాతు మైదానం ఉంటుంది, మైదానం ఉన్నచోట బంతి ఉంటుంది. కొలువుల కోసం తమిళ దేశం నుండి, మరాఠా దేశం నుండి, కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఆ మైదానాల అంచున నిలబడి ఆట నేర్చుకొన్నారు. వారి ఇండ్లలో ఒక భాష, వీధిలో మరొకటి, బడిలో ఇంకొకటి. 1936లో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన బలరాం అటువంటి పిల్లలలో ఒకడు. కలిమి గల ఇల్లు కాదు. బంతి వెంట పడితే కూడు దొరకదు, సర్కారు నౌకరీ చూసుకోవాలన్నది ఆనాటి తల్లులందరి కోరిక. ఆయన తల్లిగారి కోరికా అదే.

మూసీ నదికి అటూ ఇటూ ఉన్న నగరంలో అప్పటికే ఒక విశేషం జరుగుతూ ఉన్నది. హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. 1950లోను, 1954లోను డ్యూరాండ్ కప్పు కూడా. కలకత్తా దిగ్గజాలు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సైతం మన పోలీసువారి పేరు చెబితే జాగ్రత్తపడే రోజులవి.

ఆ విజయాల వెనుక ఉన్న మనిషి ఒక బడిపంతులు అన్న సంగతి నాకు మహా ఇష్టం. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుకొని నగరంలోని పలు బడులలో పాఠాలు చెప్పినవారు. తరువాత వ్యాయామవిద్యలో శిక్షణ పొందినారు. 1943 నుండి తుదిశ్వాస వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. భారత జట్టుకు శిక్షకులై 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించి పెట్టారు.

రహీం సాహెబు పాఠం చెప్పిన తీరు పండితులకు చప్పున అర్థమవుతుంది. ఆయన కుర్రవాళ్ళకు కొన్ని చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో తిప్పుకొంటూ ఆటగాణ్ణి దాటిపోవడం నిషిద్ధం. బంతి రాగానే తోటివానికి అందించి తీరాలి. మరొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. మన కవులు నిరోష్ఠ్య కావ్యాలు ఎందుకు వ్రాశారో ఆలోచించండి. పవర్గం వాడరాదని నియమం పెట్టుకొన్న కవికి మిగిలిన అక్షరాల బలం తెలిసివస్తుంది. అట్లే సొంత విన్యాసం కూడదని నియమం పెడితే కుర్రవానికి తనతో ఆడుతున్న మిగిలిన పదిమందీ కనబడతారు. బలరాం ఆటకు పునాది ఈ బడిలోనే పడింది.

అమ్ముగూడ కుర్రవాని ఆట చూసి రహీం ఎంపిక పోటీలకు రమ్మన్నారట. రోజూ నగరానికి రావడానికి తన దగ్గర డబ్బు లేదని ఆ అబ్బాయి చెప్పగా, సైకిలు అద్దెకు తానే ఏర్పాటు చేశారని చెప్పుకొంటారు. బడిపంతుళ్ళకు ఇది కొత్త కథ కాదు. తెలివిగల పిల్లవాడు బడి మానేస్తే, కారణం తెలివిలో కాక బస్సు చార్జీలో ఉంటుందని మనకు తెలుసును.

1956

హైదరాబాదు రాష్ట్రం భాషా ప్రాతిపదికన విడిపోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే బలరాం పేరు దేశానికి తెలిసింది. రాష్ట్రం పటం మీద లేకపోయినా హైదరాబాదు జట్టు ఆ పేరుతోనే 1956-57 సంతోష్ ట్రోఫీని మొదటిసారి గెలుచుకొన్నది. ఆ జట్టులో ఇరువై ఏండ్ల బలరాం ఉన్నారు. అదే ఏడు మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులోనూ ఆయనకు చోటు దొరికింది. శిక్షకులు రహీం గారే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళూ ఆ జట్టులో ఉన్నారు.

ఆ పోటీల విలువ తెలియాలంటే కొంచెం వెనుకకు పోవాలి. 1948 లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్త పాదాలతో ఆడి ఫ్రాన్సు చేతిలో 1-2 తేడాతో ఓడారు. లోకం మెచ్చుకొన్నది. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10. లోకం జాలిపడింది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయినాయి. నాలుగేండ్లు గడిచాయి. మెల్బోర్న్‌లో మొదట మనకు ప్రత్యర్థి హంగరీ. ఆ ఏడు శరత్తులో బుడాపెస్టు వీధులలో సోవియట్ టాంకులు దిగినాయి. హంగరీ ఫుట్‌బాల్ జట్టు బరిలోకి రాలేదు. మనవాళ్ళు ఆడకుండానే తరువాతి అంచెకు చేరి, ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. రెండవ సగం మొదట్లో మనమే ఒక గోల్ ముందున్నాం. చివరకు 1-4తో ఓడినాం. కాంస్యం కోసం జరిగిన ఆటలోనూ బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంతో తిరిగివచ్చాం. ఒలింపిక్సు ఫుట్‌బాల్ సెమీఫైనలుకు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. నాలుగేండ్ల క్రితం పది గోల్సు తిన్నవారి ముందు, కాసేపైనా పైచేయిగా నిలిచిన జట్టులో బలరాం తన అంతర్జాతీయ జీవితం ఆరంభించారు.

కలకత్తా

1957లో ఆయన ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారని నిష్ఠూరం ఆడడం తేలిక. అప్పటి హైదరాబాదులో ఫుట్‌బాల్ ఆడేవాడు పోలీసు కావాలి, లేదా సైన్యంలో చేరాలి, లేదా మరో కొలువు వెతుక్కోవాలి. కలకత్తాలో ఆటనే జీవనంగా చూసే జనం ఉన్నారు. లీగు ఆటకు వేలమంది వస్తారు, పేపర్లు పేజీలు వ్రాస్తాయి, క్లబ్బులు ఆటగాళ్ళ కోసం దేశమంతా గాలిస్తాయి.

పైగా ఈస్ట్ బెంగాల్‌కు దక్షిణాది వారు కొత్త కాదు. నలభైల చివరి నుండి యాభైల ఆరంభం వరకు ఆ క్లబ్బుకు ఆడిన ఐదుగురు ఫార్వర్డులను బెంగాలీలు 'పంచపాండవులు' అని పిలుచుకొన్నారు. అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, సాలే, అహ్మద్ ఖాన్. ఐదుగురూ దక్షిణాది వారే. అప్పారావు అన్న పేరు విన్నాక ఆయన ఏ సీమవాడో నేను చెప్పనక్కరలేదు. దేశవిభజనతో ఇల్లూ ఊరూ వదలి వచ్చిన తూర్పు బెంగాలు కాందిశీకులు తమ పరువంతా ఆ క్లబ్బు మీద పెట్టుకొన్నారు. అటువంటి వారు తమ భాష రాని ఐదుగురికి పాండవుల పేరు పెట్టి సొంతం చేసుకొన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ దీనితో పని ఉన్నది.

బలరాం అక్కడ ఆరు సీజన్లు ఆడి వందకు పైగా గోల్సు చేశారు. 1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు వచ్చింది. 1958-59లో బెంగాలు తరఫున మరొక సంతోష్ ట్రోఫీ. 1960లో మోహన్ బగాన్‌తో కలిసి సంయుక్తంగా డ్యూరాండ్ కప్పు. 1961లో ఆయన నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగునూ, షీల్డునూ రెంటినీ గెలిచింది. 1952 తరువాత ఆ క్లబ్బుకు లీగు విజయం అదే. ఆ లీగులో 23 గోల్సు చేసి అందరికంటె ముందు నిలిచినవారు కూడా నాయకుడే. 1962 రోవర్స్ కప్పులో అయితే ఈస్ట్ బెంగాల్, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్లు సంయుక్త విజేతలు. ఆయన పుట్టిన నేల, ఆయనను చేరదీసిన నేల ఒకే కప్పును పంచుకొన్నాయన్న మాట.

ఆయన ఆట

ఆ రోజులలో ముందువరుసలో ఐదుగురు ఆడేవారు. కుడి ఎడమ అంచులలో ఇద్దరు, వారికి లోపలగా ఇద్దరు, నడుమ ఒకడు. ఈ ఐదింటిలో బలరాం ఆడలేని స్థానం లేదని పేరు. భారత జట్టులో ఎక్కువగా ఎడమ ప్రక్క ఆడేవారు. కుడి అంచున ప్రదీప్ కుమార్ బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమన బలరాం. ఈ ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని అనేకులు అన్నారు. బెనర్జీ అంటే వేగం, బలమైన తన్ను. చునీ అంటే సొగసు, ప్రత్యర్థులను ఒకరి వెనుక ఒకరిని దాటుకొంటూ పోయే నేర్పు. బలరాం గురించి చెప్పేవారందరూ ముందు చెప్పేది చూపు. బంతి కాలికి అందకముందే అది ఎక్కడికి పోవాలో ఆయనకు తెలిసి ఉండేదని. వెనుకకు దిగివచ్చి బంతి గెలుచుకోవడం, తోటివానికి తగిన చోటికి, తగిన క్షణాన అందించడం, అవసరమైతే తానే పోయి గోల్ చేయడం. మైదానం మీద అన్ని పనులూ తెలిసినవాడు.

నా బుద్ధికి తోచే పోలిక వ్యాకరణంలోనిది, మన్నించాలి. ప్రథమా విభక్తి కర్తను చూపుతుంది. గోల్ చేసినవాడు ఎప్పుడూ ప్రథమలోనే ఉంటాడు, పేపరులో పేరు అతనిదే. 'కొఱకున్, కై' అన్నవి చతుర్థి. ఒకరి కొరకు చేసే పనిని చెప్పేది. బలరాం గోల్సు లెక్కకు తక్కువ కావు, అయినా ఆయన ఆట స్వభావం చతుర్థిలో ఉన్నది. అటువంటి ఆటకు ఒక చిక్కు. చూసినవాని కంటికి ఆనుతుంది గాని లెక్కల పుస్తకానికి ఎక్కదు. ఆనాటి ఆటలలో చలనచిత్రంగా మనకు మిగిలినది బహు స్వల్పం. ఫలితాలు మిగిలినాయి, గోల్సు చేసినవారి పేర్లు మిగిలినాయి. అందించిన బంతులు చూసినవారి జ్ఞాపకంలో ఉండి, వారితోనే వెళ్ళిపోతున్నాయి.

రోము, జకార్తా

1958 టోక్యో ఆసియా క్రీడలలో మనవాళ్ళు హాంగ్‌కాంగ్‌ను అదనపు సమయంలో 5-2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంతో సరిపెట్టుకొన్నారు. తరువాత 1960 రోము ఒలింపిక్సు. మన జట్టు పడిన సమూహంలో హంగరీ, ఫ్రాన్సు, పెరూ. మెల్బోర్న్‌లో ఎదురుపడని హంగరీ ఈసారి ఎదురుగా నిలిచింది. వారి వరుసలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే యువకుడు ఉన్నాడు. తరువాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైనవాడు. ఆగస్టు 26న ఇటలీలోని లాక్విలాలో జరిగిన ఆటలో హంగరీ రెండు గోల్సు చేసింది. 79వ నిమిషంలో బలరాం ఒక గోల్ తీర్చారు. 1-2తో ఓడినాం. ఆ హంగరీయే చివరకు కాంస్యం గెలిచింది.

మూడు రోజుల తరువాత ఫ్రాన్సుతో ఆట. బెనర్జీ గోల్‌తో మనం ముందంజ వేసి, చివరి పది నిమిషాలలో ఒక గోల్ ఇచ్చుకొని 1-1తో ముగించాం. పన్నెండేండ్ల క్రితం ఓడించిన ఫ్రాన్సుతో ఇప్పుడు సమానం. పెరూతో 1-3 ఓటమి. మన ఒక్క గోల్ మళ్ళీ బలరాందే, 88వ నిమిషంలో. మూడు ఆటలలో మనం చేసినవి మూడు గోల్సు, అందులో రెండు అమ్ముగూడ కుర్రవానివి. ఆ రెండూ ఓటమి దాదాపు ఖాయమైన వేళ చేసినవి అన్నది గమనించండి. ఓడిపోతున్నామని తెలిసిన తరువాత కూడ ఆట మానని గుణమది. రోము తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఒలింపిక్సుకు అర్హత సంపాదించలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన జీవితానికీ, రహీం గారి జీవితానికీ శిఖరం. నాయకుడు చునీ గోస్వామి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. తరువాత థాయిలాండు మీద 4-1, జపాను మీద 2-0. ఈ రెండు ఆటలలోనూ బలరాం ఒక్కొక్క గోల్ చేశారు. థాయిలాండు ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ వరుసలో ఆడే ఆ మనిషిని రహీం ఏకంగా ముందువరుస నడుమకు మార్చి సెమీఫైనల్లో దింపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. ఫైనల్లో మళ్ళీ కొరియా.

ఆనాటి స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకు వ్యతిరేకులే. ఇజ్రాయెలు, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానీయకపోవడాన్ని భారతదేశానికి చెందిన జి.డి. సోంధీ గారు ప్రశ్నించినందుకు జకార్తా వీధులలో మన రాయబార కార్యాలయం మీద దాడి కూడ జరిగింది. మన జాతీయగీతం వినబడకుండా జనం కేకలు పెట్టారు. అప్పటికే రహీం గారిని వ్యాధి లోలోపల తినివేస్తున్నది. రేపు నాకు స్వర్ణం కానుకగా ఇవ్వండి అని ముందురోజు ఆయన ఆటగాళ్ళను కోరినట్లు వారు తరువాత చెప్పుకొన్నారు. 1962 సెప్టెంబరు 4న 17వ నిమిషంలో బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్సు చేశారు. కొరియా ఆట చివరలో ఒకటి తీర్చింది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత స్వర్ణం రాలేదు. ఫైనల్ గోల్సు పట్టికలో బలరాం పేరు లేదు. ఆ పదకొండుమందిలో మాత్రం ఆయన ఉన్నారు, మన హైదరాబాదులోనే పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, మన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆ ఏడే బలరాం అర్జున పురస్కారం అందుకొన్నారు.

1963

1963 జూన్ 11న రహీం గారు క్యాన్సరుతో మరణించారు. అదే సంవత్సరం బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసివచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏండ్లు కూడ నిండలేదు. గురువూ శిష్యుడూ ఒకే ఏట మైదానం వదిలారు. ఆ ఏడు ఆయన ఈస్ట్ బెంగాల్ నుండి బి.ఎన్.ఆర్. జట్టుకు మారి ఉన్నారు. బి.ఎన్.ఆర్. అనగా బెంగాల్ నాగపూర్ రైల్వే. ఉత్తరాంధ్ర మిత్రులకు ఆ మూడక్షరాలు కొత్త కాదు, వాల్తేరు దాకా వచ్చిన రైలు మార్గం వారిదే. రైల్వేలో ఉద్యోగం దొరకడం వలన ఆట ఆగినా బ్రతుకు ఆగలేదు. బహుశా తల్లిగారు కోరిన సర్కారు నౌకరీ అదే కాబోలు.

మొత్తం చూస్తే అంతర్జాతీయ జీవితం ఏడేండ్లకు మించదు. ఆ ఏడేండ్లలో రెండు ఒలింపిక్సులు, రెండు ఆసియా క్రీడలు. తరువాతి అరవై ఏండ్లు ఆయన బెంగాలులోనే గడిపారు. పెండ్లి చేసుకోలేదు. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో నిరాడంబరంగా ఉండేవారు. త్రిమూర్తులలో చునీ గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2020 మార్చి 20న బెనర్జీ, ఏప్రిల్ 30న చునీ వెళ్ళిపోయారు. మూడేండ్లు ఒంటరిగా మిగిలిన మూడవవారూ 2023లో వెళ్ళిపోయారు.

ఎవరివాడు?

పద్మశ్రీ రాకపోవడం గురించి చాలామంది వ్రాశారు. నన్ను వేధించే ప్రశ్న అది కాదు. పద్మశ్రీ ఇవ్వవలసినది ప్రభుత్వం. జ్ఞాపకం ఉంచుకోవలసినది మనం.

మనకు ఒక అలవాటు ఉన్నది. ఎవరైనా ఘనకార్యం చేస్తే ముందు 'మన తెలుగువాడేనా' అని అడుగుతాం. ఔనంటే చాలు, అమెరికాలో పుట్టి పెరిగిన మూడవ తరం వారినైనా జాబితాలో చేర్చుకొంటాం. కాదంటే ఆ ప్రసక్తి అంతటితో ముగుస్తుంది. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడిగా భాషాభిమానం నాకు తక్కువ కాదు. కాని మాతృభాష ఒక్కటే కొలబద్ద అయినప్పుడు సికింద్రాబాదు దండు వంటి చోట్ల పుట్టిన పిల్లలు ఏ లెక్కలోకీ రాకుండా పోతారు. బలరాంను తమిళులు తమవాడనలేదు, ఆయన పుట్టిందీ పెరిగిందీ అక్కడ కాదు. బెంగాలీలు అభిమానించారు, అయినా వారి జాబితాలో ఆయన హైదరాబాదు నుండి వచ్చినవాడు. మన జాబితాలో తమిళుడు, పైగా కలకత్తా పోయినవాడు. ఇందరి నడుమ ఎవరివాడూ కాకుండా పోయినాడు.

రహీం గారి విషయంలోనూ ఇదే జరిగింది. ఆయన ఇంటి భాష ఉర్దూ. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో ఆయన మీద ఒక పాఠం నేను బోధించిన ఇన్నేండ్లలో ఎన్నడూ చూడలేదు. చివరకు 2024లో హిందీలో 'మైదాన్' చలనచిత్రం వస్తే గాని, హైదరాబాదులోనే ఉంటున్న పిల్లలకు అటువంటి పంతులుగారు ఒకరు ఉండేవారని తెలియలేదు.

జ్ఞాపకం పోతే నష్టమేమిటని అడుగవచ్చును. నష్టం ఆటకే జరిగింది. 1963లో రోవర్స్ కప్పు గెలిచిన తరువాత మన పోలీసు జట్టుకు ఆ కప్పు మళ్ళీ దక్కలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత అది తెలుగు నేలకు రాలేదు. మంచి ఆటగాళ్ళు పుట్టకపోలేదు. మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ ఈ జంటనగరాల వారే, అందరూ కలకత్తా పోయి పేరు తెచ్చుకొన్నారు. నయీముద్దీన్ నాయకత్వంలోనే 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మనకు కాంస్యం వచ్చింది. 1977లో పేలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన హబీబ్, బలరాం పోయిన ఏడే ఆగస్టు 15న హైదరాబాదులో మరణించారు. గురువు పోయినాడు, నేర్చినవారు వలసపోయినారు, ఆ ఆట మా ఊరిది అని చెప్పుకొనే కథ తరువాతి పిల్లలకు అందలేదు. కథ అందని చోట పిల్లవాడు మైదానంలోకి దిగడానికి కారణం ఏముంటుంది? తెనాలి పిల్లలు నాటకాల వైపు చూస్తే, కూచిపూడి పిల్లలు నాట్యం వైపు చూస్తే, అది రక్తంలో ఉండడం వల్ల కాదు. ఇంటా బయటా కథలు వింటూ పెరగడం వల్ల.

తూర్పు బెంగాలు కాందిశీకుల సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ఊరు పోగొట్టుకొన్న మనుషులు పరాయి భాషవారికి పాండవుల పేరు పెట్టి తమ ఇతిహాసంలో కలుపుకొన్నారు. ఊరున్న మనం, ఊళ్ళో పుట్టినవానిని కలుపుకోలేకపోయినాం. వారు తమ కొరకు ఆడినవానిని తమవాడన్నారు. మనం మనలా మాట్లాడినవానిని మాత్రమే మనవాడంటాం. ఈ రెండు కొలతలలో ఏది ఉదారమో వేరుగా చెప్పనక్కరలేదు.

నా మటుకు నేను బలరాంను అమ్ముగూడ బలరాం అని పిలుస్తాను. ఇంటిపేరుగా ఊరిపేరు పెట్టుకోవడం మనకు అనాదిగా ఉన్న ఆచారమే గదా. సికింద్రాబాదు నుండి బొలారం పోయే రైలు మార్గంలో అమ్ముగూడ స్టేషను వస్తుంది. ఆ దారిన పోయే మిత్రులు ఎవరైనా పిల్లలను వెంటబెట్టుకొని ఉంటే, ఈ ఊరివాడే ఒకాయన ఒలింపిక్సులో హంగరీ మీద గోల్ చేశాడని ఒక్కమాట చెప్పండి. అంతకంటె పెద్ద స్మారకం నాకు తోచడం లేదు.

ఒక మనవి. మీ ఇండ్లలో ఎనభై దాటిన పెద్దలు, ముఖ్యంగా లష్కరు వారు, పోలీసు శాఖలోనో రైల్వేలోనో పనిచేసినవారు ఉంటే, ఆనాటి ఆటలు చూసినారేమో అడగండి. బలరాం బంతి ఎలా అందించేవారో వారి మాటలలోనే వ్రాసి పెట్టండి. గోల్సు లెక్కలు పుస్తకాలలో భద్రంగానే ఉన్నాయి. అందించిన బంతులు మాత్రం వారి దగ్గరే ఉన్నాయి, ఇంకా కొద్దికాలమే ఉంటాయి.

శుభం.